తోలు ఒర: ఒక ఆరె, రెండు సూదులు, కొంత లెక్క

తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగుతో పాటు అది ఉండి తీరాలి. అదే తంగేడు చెట్టు బెరడును మాదిగవాడల్లో తరతరాలుగా దంచి లందలో వేశారు, పచ్చి తోలును కుళ్లిపోని తోలుగా మార్చారు. పువ్వు వాకిట్లోకి వచ్చింది. బెరడు దంచిన వాళ్లను మాత్రం ఊరు వాకిట్లోకి రానివ్వలేదు.

ఆ పనిలో ఉన్న జ్ఞానం గురించి మన సభల్లో చాలా మాట్లాడుకుంటాం. కంచ ఐలయ్య తన 'పోస్ట్ హిందూ ఇండియా' (2009)లో మాదిగలను శాస్త్రవేత్తలుగా నిలబెట్టినప్పటి నుంచి ఆ మాట మన విద్యార్థులందరికీ తెలుసు. కానీ అది శాస్త్రం అయితే దాన్ని వివరించగలగాలి, నేర్పగలగాలి. అందుకే ఇక్కడ ఒక చిన్న వస్తువును తీసుకుంటున్నాం: కత్తికి తోలు ఒర. పోలీసు నడుముకు పిస్టల్ పట్టుకొని ఉండే హోల్‌స్టర్ కూడా సూత్రంలో ఒరే. ఖరీదైన యంత్రమేదీ లేకుండా, చెప్పులు కుట్టే పెట్టెలో ఉండే పనిముట్లతోనే దీన్ని రెండు రోజుల్లో కుట్టవచ్చు.

ఆర్మూర్ ప్రాంతంలో దీనికి పని ఉంది. పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. సంక్రాంతి సమయం నుంచి తవ్వకం ఊపందుకుంటుంది. ముందు ఎండిన ఆకును నేల మట్టానికి కోయాలి, ఆ తర్వాత తవ్వాలి, మండను కొమ్మును వేరు చేయాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి. ఇందులో కోత, ఏరివేత ఎక్కువగా ఆడవాళ్ల కూలి పని. తెల్లవారుజామున ఆటోలో పది పన్నెండు మంది ఇరుక్కొని కూర్చునే చోట, చీరకొంగులోనో సంచిలోనో చుట్టిన కొడవలి ఎవరి తొడకైనా గీసుకోవచ్చు. పసుపు ధర గురించి, బోర్డు గురించి ఈ జిల్లా దేశమంతా వినేలా మాట్లాడింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది రైతులు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది కూడా. ఆటోలో కొడవలి పట్టుకొని కూర్చున్న మనిషి ఆ చర్చలో ఎక్కడా కనిపించదు.

సరే, పనిలోకి వద్దాం. మొదటి ప్రశ్న తోలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

బజారులో రెండు రకాల తోళ్లు దొరుకుతాయి. ఒకటి చెట్టు బెరడు, కాయలతో శుద్ధి చేసింది: తంగేడు బెరడు, తుమ్మ చెక్క, కరక్కాయ. రెండోది క్రోమియం ఉప్పుతో శుద్ధి చేసింది. ఇప్పుడు బూట్లకు, బ్యాగులకు వాడేది ఎక్కువగా ఈ రెండోదే. మెత్తగా ఉంటుంది, నీళ్లకు తట్టుకుంటుంది, ఫ్యాక్టరీలో త్వరగా తయారవుతుంది. ఒరకు మాత్రం పనికిరాదు. ఒర గట్టిగా నిలబడాలి. బెరడు తోలును తడిపి కత్తి ఆకారానికి ఒత్తి ఆరబెడితే ఆ ఆకారాన్ని పట్టుకొని ఉంటుంది. క్రోమ్ తోలు మళ్లీ మెత్తబడి జారిపోతుంది. గుర్తుపట్టడం తేలిక. కోసిన అంచు మధ్యలో నీలం, ఆకుపచ్చ కలిసిన ఛాయ కనిపిస్తే అది క్రోమ్. అంచు లోపలి దాకా గోధుమ రంగులో ఉంటే బెరడు తోలు. రంగు వేసి అమ్మితే ఒక చిన్న ముక్క కోసి లోపలి భాగాన్ని చూడాలి.

బెరడు ఏం చేస్తుందో కూడా ఒక మాట. పచ్చి తోలులో ఎక్కువ భాగం కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు. నీళ్లు, సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెడతాయి. బెరడులోని టానిన్ ఆ పోగులను పట్టుకొని ఒకదానికొకటి ముడివేస్తుంది, సూక్ష్మజీవికి తిండి లేకుండా చేస్తుంది. మన పెద్దలు దీనికి ముందు సున్నపు నీళ్లలో తోలును నానబెట్టి వెంట్రుకలు వదులయ్యేలా చేసేవాళ్లు. తర్వాత లోపలి వైపు మాంసం, కొవ్వు గీకేవాళ్లు. సున్నం పోయేదాకా కడిగి, తోలును సంచిలా కుట్టి, వేలాడదీసి, అందులో దంచిన బెరడు, నీళ్లు నింపేవాళ్లు. సంచి గుండా ఊరి కిందికి కారిన నీళ్లను కుండలో పట్టి మళ్లీ పైన పోసేవాళ్లు. బెరడు రసం తోలు మందమంతా దాటి వచ్చిందని రుజువు కావాలంటే అంతకన్నా మంచి పద్ధతి ఏముంది? పరీక్షా, ఉత్పత్తీ ఒకే సంచిలో జరిగిపోయేవి. దీన్ని కంపు పని అని మాత్రమే గుర్తుపెట్టుకున్న సమాజం మనది.

ఇప్పుడు ఆ పని చాలావరకు మన ఊళ్ల నుంచి పోయింది. తోళ్ల శుద్ధి రాణిపేట, వాణియంబాడి, కాన్పూర్, కోల్‌కతా ఫ్యాక్టరీలకు చేరింది. మద్రాసులో 1900ల మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ క్రోమ్ శుద్ధి ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు అతని దృష్టిలో ఉన్న వస్తువుల్లో బావి మోట బొక్కెన ఒకటి. కరెంటు మోటార్లు రాకముందు మన తోట పంటలకు నీళ్లు తోడింది మోట. ఎడ్లు లాగితే బావిలోంచి పైకి వచ్చేది తోలు బొక్కెన. దాన్ని కుట్టినవాడు, చిరిగితే బావి గడ్డ మీద కూర్చొని అతుకు వేసినవాడు మాదిగ. నీళ్లు కారని కుట్టు వేయడం ఒర కుట్టడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

తోలు కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. బర్రె తోలు అడగండి, బిల్లు తీసుకోండి, బిల్లు మీద బర్రె తోలు అని రాయించుకోండి. మనకు 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఉంది. చట్టం చదవని గుంపులూ రోడ్ల మీద ఉన్నాయి. 2016 జూలై 11న గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కారుకు కట్టి కొట్టారు. ఆవును వాళ్లు చంపలేదు. కుల సమాజం వాళ్లకు అప్పజెప్పిన పనినే వాళ్లు చేస్తున్నారు. ఆ తర్వాత గుజరాత్ దళితులు పశువుల కళేబరాలను కలెక్టరేట్ ముందు పడేశారు, ఆ పని ఇక చేయమన్నారు, భూమి అడిగారు. అందుకే తోలు ముక్క కొనడం గురించి రాసే వ్యాసంలో బిల్లు గురించి రాయాల్సి వస్తోంది.

మందం మూడు మిల్లీమీటర్లు ఉండాలి. ముక్కను పశువు వీపు భాగం నుంచి తీసుకోవాలి. అక్కడ పోగులు దట్టంగా ఉంటాయి. పొట్ట భాగం సాగుతుంది, కొన్నాళ్లకు ఒర నోరు తెరుచుకుంటుంది.

పనిముట్లు ఇవి: తోలు కోసే రంపె లేదా పదునైన కట్టర్ కత్తి, ఆరె, కొయ్య గూటం, రెండు మొద్దు సూదులు, గట్టి నార దారం లేదా నైలాన్ దారం, తేనె మైనం ముద్ద, స్టీలు స్కేలు, గరుకు కాగితం, చెప్పుల సామాను షాపులో దొరికే పసుపు రంగు సొల్యూషన్, కింద పెట్టుకోవడానికి ఒక చెక్క దిమ్మె. పిల్లల జామెట్రీ బాక్సులోని డివైడర్ ఉంటే మేలు. లేకపోతే ఫోర్కు చాలు, ఎలాగో కింద చెబుతాం.

ముందు తోలు మీద కాదు, అట్ట మీద కోయాలి. పాత పెళ్లి పత్రిక దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆరంగుళాల నిటారు కత్తిని ఉదాహరణగా తీసుకుందాం. అట్టను మధ్యకు మడిచి, మడతకు కత్తి వీపును ఆనించి, చుట్టూ పెన్సిల్‌తో గీయండి. కోసే అంచు వైపు, మొన వైపు గీత నుంచి 15 మిల్లీమీటర్లు బయటికి ఇంకో గీత గీయండి. ఆ పదిహేనులో ఏముందంటే: కత్తి మందం మూడు, కదలడానికి రెండు, మిగతా పది కుట్టుకు, మధ్య పట్టీకి. పిడి ఒరలోకి ఎంత దిగాలో కూడా ఇప్పుడే నిర్ణయించాలి. పిడి ఒక అంగుళమైనా లోపలికి దిగితే కత్తిని పట్టి ఉంచేది అదే. అట్టను కోసి, మడిచి, పిన్నులు కొట్టి, కత్తి పెట్టి చూడండి. సరిపోకపోతే ఇంకో పత్రిక. తోలు ఒకసారి కోస్తే అయిపోయినట్టే.

మధ్య పట్టీ అన్నాం కదా, ఒరకు ప్రాణం అదే. కత్తిని ఒరలోకి దించిన ప్రతిసారీ కోసే అంచు కుట్టు వైపు జారుతుంది. పట్టీ లేకపోతే నెల తిరగకుండా దారం తెగుతుంది, కత్తి ఒరను చీల్చుకొని నడుములో దిగుతుంది. అందుకని రెండు పొరల మధ్య, కుట్టు వెంబడి, పది మిల్లీమీటర్ల వెడల్పున్న మూడో తోలు పట్టీ పెడతారు. కత్తి అంచు దారాన్ని కాదు, ఆ పట్టీని తాకుతుంది. యంత్రంతో చేసి చవకగా అమ్మే ఒరల్లో మొదట ఎగ్గొట్టేది ఈ పట్టీనే. కొనేవాళ్లు లోపలికి తొంగిచూడరు కాబట్టి ఆ మోసం దొరకదు.

అట్టను తోలు నున్నటి వైపు పెట్టి గీసి, రంపెతో కోయాలి. ఒకే ఊపులో కోయకుండా రెండు మూడు సార్లు తేలిగ్గా లాగితే అంచు నిటారుగా వస్తుంది. బెల్టు దూరే పట్టీని ఒర మడవకముందే వెనుక భాగానికి కుట్టేయాలి. మడిచాక లోపలికి చేయి పట్టదు. నలభై మిల్లీమీటర్ల బెల్టు అయితే కన్నం నలభై ఐదు ఉంచండి.

తర్వాత సొల్యూషన్. అంటించే చోట్ల గరుకు కాగితంతో గీకి, రెండు వైపులా పలచగా రాసి, చేతికి అంటుకోనంత ఆరాక కలిపి గూటంతో కొట్టాలి. తడిగా ఉన్నప్పుడే కలపడం తొందరపాటు, అది పట్టదు. సొల్యూషన్ వాసన తలకెక్కుతుంది, ఆరుబయట కూర్చోండి.

కుట్టు గీతను అంచు నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల లోపల డివైడర్‌తో లాగాలి. కన్నాల మధ్య దూరం సమంగా రావాలంటే ఆ గీత మీద ఫోర్కు పళ్లను ఒత్తుకుంటూ పోవాలి, చివరి గుర్తులో మొదటి పన్ను పెట్టి మళ్లీ ఒత్తాలి. అంగుళానికి ఐదారు కుట్లు చాలు. మరీ దగ్గరైతే తోలు స్టాంపు కాగితంలా కన్నాల వెంబడి చిరుగుతుంది. ఆ గుర్తుల మీద ఆరెను నిటారుగా పెట్టి దించాలి. మూడు పొరలు కలిపి తొమ్మిది మిల్లీమీటర్లు, కాబట్టి బలం కావాలి. ఆరె మొనకు మధ్యమధ్యలో మైనం పూస్తే తేలిగ్గా దిగుతుంది. ఎదురుగా చేయి పెట్టవద్దు. తోలు కింద దిమ్మె ఉండాలి, మీ తొడ కాదు.

ఇక జీను కుట్టు. గుర్రపు జీనులకు వేసే కుట్టు కాబట్టి ఆ పేరు. కుట్టు పొడవుకు నాలుగైదు రెట్లు దారం తీసుకోవాలి. జానెడు కుట్టుకు ఐదు జానల దారం అనుకోండి. దారాన్ని మైనం ముద్ద మీదుగా రెండు మూడు సార్లు లాగి, రెండు కొసలకూ రెండు సూదులు కట్టాలి. మొదటి కన్నంలో దూర్చి రెండు వైపులా సమంగా లాగండి. తర్వాతి ప్రతి కన్నంలోనూ ఎడమ సూది కుడికి, కుడి సూది ఎడమకు. అంటే ఒకే కన్నంలో రెండు దారాలు ఎదురెదురుగా వెళ్తాయి. ఏ సూది ముందు వెళ్లాలో మొదట నిర్ణయించుకొని చివరిదాకా అదే పాటిస్తే కుట్లు ఒకే వాలులో పడతాయి. చివర్లో రెండు మూడు కన్నాలు వెనక్కి కుట్టి దారం కోయాలి. ముడి అక్కర్లేదు.

యంత్రపు కుట్టులో పై దారం, కింది దారం ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటాయి. ఒక చోట తెగితే కుట్టు వరసగా ఊడుతూ పోతుంది. జీను కుట్టులో ఒక చోట దారం అరిగి తెగినా రెండోది అదే కన్నంలో నిలబడి ఉంటుంది. చేతి పనిని యంత్రం కంటే గొప్పదని ఊరికే పొగడటం మాకు ఇష్టం లేదు. చాలా పనుల్లో యంత్రమే మేలు, మన వాళ్ల నడుములు విరగకుండా కాపాడింది కూడా అదే. ఈ ఒక్క చోట మాత్రం చేతి కుట్టుకు సాంకేతిక కారణం ఉంది.

కుట్టాక అంచులను గరుకు కాగితంతో సమం చేసి, తడిగుడ్డతో తుడిచి, నున్నటి కొయ్యతో వేడి పుట్టేదాకా రుద్దితే మూడు పొరలు ఒకే పొరలా కలిసిపోతాయి. ఇప్పుడు ఒరను గోరువెచ్చని నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి తీయాలి. కత్తికి పలుచని ప్లాస్టిక్ కవర్ చుట్టి లోపల పెట్టి, చెంచా వెనుక భాగంతో కత్తి రూపు పైకి కనిపించేలా ఒత్తాలి. పిడి మెడ దగ్గర గట్టిగా ఒత్తండి, తర్వాత పట్టు ఇచ్చేది ఆ పల్లమే. ఒక రాత్రీ పగలూ నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే, పొయ్యి దగ్గర పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది.

కొడవలికి ఇదే పద్ధతి కుదరదు. వంపు కత్తి కొస నుంచి నేరుగా దూరదు. దానికి నెలవంక ఆకారంలో రెండు ముక్కలు కోసి, లోపలి వంపు వైపు, అంటే కోసే అంచు వైపు, మధ్య పట్టీ పెట్టి కుట్టాలి. మొన వైపు కూడా మూసేయాలి. వీపు వైపు తెరిచి ఉంచి, కొడవలిని పక్క నుంచి లోపలికి నెట్టి, పైనుంచి రెండు చిన్న తోలు నాలుకలు వేసి టిచ్ బటన్లతో మూయాలి. పసుపు చేలో తడి మట్టి అంటిన కొడవలిని తుడిచాకే పెట్టాలి.

పిస్టల్ హోల్‌స్టర్‌లో కోసే అంచు లేదు కాబట్టి దారాన్ని కాపాడే పట్టీ తప్పనిసరి కాదు. దానికి బదులు ట్రిగ్గర్ భాగం పూర్తిగా తోలు కింద కప్పబడాలి, వేలుగానీ గుడ్డగానీ దూరకూడదు. ఆకారం ఒత్తడానికి అసలు ఆయుధం కాకుండా అదే కొలతల కొయ్య నమూనా వాడతారు. మిగతా అంతా, అట్ట, ఆరె, జీను కుట్టు, తడి ఒత్తు, ఒక్కటే.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. నిజాం కాలపు తెలంగాణలో ఈ పని వెట్టి. దొరలకు చెప్పులు, మోటకు తోలు సామాను ఉచితంగా ఇవ్వాల్సి వచ్చిన సంగతిని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో రాశాడు. చెప్పులు కుట్టి ఇచ్చినవాడు దొర గడీ ముందు చెప్పులేసుకొని నడవడానికి లేదు. వస్తువు విలువైనది, చేసినవాడు అంటరానివాడు. అలా చేయించుకున్నందువల్లే ఆ పనికి ధర రాయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. ఆ లెక్క రాయని అలవాటు ఇంకా పోలేదు. ఒర ఎంతకిస్తావని అడిగితే మన పెద్దలు తోలు ఖర్చు, దారం ఖర్చు చెబుతారు, రెండు రోజుల కూలి చెప్పడానికి మొహమాటపడతారు.

నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ (2005లో మరణించారు) వంటి కళాకారులు ఆడిన జాంబ పురాణంలో జాంబవుడు అందరికంటే ముందు పుట్టినవాడు, పెద్ద. మాదిగల ముందు చిందు వాళ్లు ఆ కథ ఆడేవాళ్లు. పనిచేసే కులం తన పని గురించి తాను చెప్పుకున్న కథ అది. దాన్ని గౌరవిస్తాం. అయితే కథలోని పెద్దరికాన్ని పట్టుకొని కొడుకు ఇదే పని చేయాలనడం వేరే సంగతి. 1936 నాటి 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ అభ్యంతరం సరిగ్గా ఇక్కడే: ఇష్టంతో, శక్తితో కాక పుట్టుకతో పని అంటగట్టడం మీద.

ఇప్పటి ప్రభుత్వ పథకాన్ని అందుకే జాగ్రత్తగా చదవాలి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, చెప్పులు కుట్టే పని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల ఈ-వోచర్, శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున భృతి, తక్కువ వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు ఇస్తారు. అర్హత ఉంటే తీసుకోండి, అది పన్నుల సొమ్ము, మనది. కానీ కుటుంబం సంప్రదాయంగా అదే వృత్తిలో ఉండాలన్న షరతును తీసేయమని తమిళనాడు ప్రభుత్వం అడిగింది, చివరికి 2024 నవంబర్‌లో పథకాన్ని ఆ రూపంలో అమలు చేయబోమని చెప్పింది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. హైదరాబాద్‌లోని పాదరక్షల డిజైన్ సంస్థ ఎఫ్‌డీడీఐలో ఇదే ఆరె, ఇదే కుట్టు నేర్చుకుంటే డిగ్రీ వస్తుంది. అక్కడ ఎవరినీ మీ నాన్న ఏం చేసేవాడని అడగరు. వాడలో నేర్చుకుంటే కులవృత్తి, క్యాంపస్‌లో నేర్చుకుంటే డిజైన్. ఒకే తోలు, ఒకే దారం.

కాబట్టి మా ప్రతిపాదన చిన్నదే. ఆర్మూర్‌లోగానీ మరెక్కడైనాగానీ విద్యార్థి సంఘాలు రెండు రోజుల శిబిరం పెట్టి, చెప్పులు కుట్టే పెద్దలను గంటకు ఇంత అని రుసుము ఇచ్చి పిలవండి. ఏ కులం వాళ్లయినా కూర్చొని ఆరె పట్టండి, కూలికి వెళ్లే ఆడవాళ్ల కొడవళ్లకు ఒరలు కుట్టండి. మొదటి ఒర వంకరగా వస్తుంది, రెండోది పనికొస్తుంది. అమ్మేటప్పుడు కాగితం మీద తోలు, దారం, సొల్యూషన్ ఖర్చులతో పాటు పని గంటలు కూడా రాసి, ఆ గంటలకు కనీసం ఆ రోజు వ్యవసాయ కూలి రేటు కట్టండి.

ఒర పూర్తయిందో లేదో చూసే పద్ధతి ఒకటుంది. కత్తి పెట్టి, మనుషులకు దూరంగా, పరుపు మీదుగా తలకిందులు చేసి ఊపండి. జారితే పిడి మెడ దగ్గర మళ్లీ తడిపి ఒత్తాలి. జారకపోతే పైన ఆముదం పలచగా రాసి గుడ్డతో తుడవండి. ఎక్కువ రాస్తే తోలు మెత్తబడి ఆకారం పోతుంది. పని లేని నెలల్లో కత్తిని ఒరలో వదిలేయవద్దు, బెరడు తోలులోని తేమకు ఇనుము తుప్పు పడుతుంది. రెండింటినీ పక్కపక్కనే కొయ్యకు తగిలించి, మళ్లీ కోతకు ముందు ఒకసారి కుట్టంతా వేలితో తడిమి చూసుకోండి.